ఈ ఏడాది పైప్ ఫిట్టింగ్ శిక్షణ, ఇతర పనులు: సంఘం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు సమావేశంలో ఎలాగూ వింటారు. అటు గల్ఫ్‌లో జుబైల్‌లో, రువైస్‌లో, ఇటు జామ్‌నగర్‌లో, పారాదీప్‌లో డ్యూటీలో ఉన్నవాళ్ల కోసం రాసి పంపుతున్నాం. జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం కాబట్టి ఆ అంకెల జోలికి ఇక్కడ పోవడం లేదు. చందాలు బాకీ ఉన్నవాళ్ల పేర్లు కూడా అందులోనే ఉన్నాయి.

ఈ ఏడు సంఘం డబ్బూ సమయమూ ఎక్కువగా పోయింది పైప్ ఫిట్టింగ్ శిక్షణ మీదే. సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఏ వీధిలోకి వెళ్లినా ఒక ఫిట్టరో వెల్డరో, బరువులెత్తే రిగ్గరో ఉంటాడు. మన దగ్గర పని నేర్చుకునే పద్ధతి కూడా ఒకటే. అన్నయ్యో మామయ్యో వెంట తీసుకెళ్తాడు, హెల్పరుగా చేరుస్తాడు. గ్రైండరు పట్టడం, ఎల్బో (పైపు వంపు ముక్క) మోయడం, టాక్ (తాత్కాలికంగా అతికే చిన్న వెల్డు) వేసేదాకా పైపు కదలకుండా పట్టుకోవడం. రెండేళ్లకు చెప్పిన కొలతకు కోయడం వచ్చేస్తుంది. ఆ కొలత ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం తెలియదు. నేనూ అలా వచ్చినవాణ్నే. తొమ్మిదేళ్లపాటు ఇంకొకరు లెక్కకట్టి పైపు మీద సుద్దతో రాసిచ్చిన అంకె దగ్గర కోస్తూ పోయాను.

అందుకే పోయినేడు సమావేశంలో ఒక మాట అనుకున్నాం. ట్రేడ్ టెస్ట్ (ఉద్యోగానికి ముందు పెట్టే పని పరీక్ష) గట్టెక్కడానికి పదిహేను రోజులు ఒకే ఫిట్-అప్ (వెల్డింగుకు ముందు పైపు ముక్కలు జతపరచడం) చేయించే కోచింగ్ ఆపేసి, నాలుగు నెలల శిక్షణ పెట్టాలని. మొదటి ఆరు వారాలు గ్యాస్ కట్టరు ముట్టుకోనివ్వం. ఐసోమెట్రిక్ డ్రాయింగ్ (పైపు లైను ఎటెటు పోతుందో ఒకే బొమ్మలో చూపే నక్షా, ‘ఐసో’ అంటాం) చదవడం, కొలతలు కట్టడం, ఫిట్టింగుల సైజులు. అంతే.

దీనికి ఊళ్లో పెద్ద వ్యతిరేకతే వచ్చింది. ఒక తల్లి మన శిక్షణ షెడ్డు దగ్గరికే వచ్చి, "మా గుంటడు పైపులు కొయ్యడానికి పోతన్నాడా, లెక్కల మాస్టరవడానికి పోతన్నాడా బాబూ?" అని నిలదీసింది. ఆమె బాధ ఆమెది, ఇంటి మీద అప్పుంది. 18 మందితో మొదలైన బ్యాచ్ ఆరో వారానికి 11 మందికి వచ్చింది. వెళ్లిపోయినవాళ్లను తప్పు పట్టడం లేదు గానీ, వాళ్లు ఇంకో పదేళ్లు హెల్పరు జీతం మీదే ఉంటారేమోనని నా భయం.

మిగిలినవాళ్లు ఏం నేర్చుకున్నారో ఒక్క రోజు పని చెప్తాను. ఆరంగుళాల లైను 45 డిగ్రీల ఎల్బోలు రెండు పెట్టి పక్కకు 500 మిల్లీమీటర్లు జరగాలి. మధ్యలో వచ్చే పైపు ముక్క ఎంత కోయాలి? 500ని 1.414తో గుణిస్తే సెంటర్ నుంచి సెంటర్‌కి ట్రావెల్, అంటే ఏటవాలు దూరం, 707. ఒక్కో ఎల్బో సెంటర్ నుంచి ముఖం వరకు 95 తీసుకుంటుంది, రెండూ కలిపి 190. వెల్డింగ్ గ్యాపు రెండువైపులా మూడేసి చొప్పున 6. పోను 511. ఒక కుర్రాడు గ్యాపులు మరచిపోయి 517 కోశాడు. "ఆరు మిల్లీమీటర్లకేనా మాస్టారూ?" అన్నాడు నవ్వుతూ. సరే, అలాగే టాక్ వెయ్యమన్నాను. చివర ఫ్లాంజి (రెండు పైపులను బోల్టులతో కలిపే చక్రం లాంటి ముఖం) దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది బోల్టుల్లో ఒక్కటీ దిగలేదు. చైన్ బ్లాకు (గొలుసు కప్పీ) తెచ్చి లాగి బిగిస్తానన్నాడు. అదీ వద్దన్నాను. అలా లాగి బిగించిన లైను అవతలి చివర పంపు ఉంటే, ఆ బలమంతా పంపు నాజిల్ మీద పడి షాఫ్టు అలైన్‌మెంటే పోతుంది. సాయంత్రం దాకా కూర్చుని టాకులు కోసి మళ్లీ చేశాడు. ఇప్పుడు బ్యాచ్‌లో గ్యాపు మరచిపోని వాడు అతనొక్కడే!

ఆరంగుళాల పైపుకి టేపు పెడితే ఎక్కడా ఆరంగుళాలు రాకపోవడం చూసి మొదటి వారం అందరూ బిత్తరపోయారు. బయటి కొలత 168.3 మిల్లీమీటర్లు. షెడ్యూల్ (పైపు మందం తరగతి) మారితే మందం లోపలివైపు పెరుగుతుంది గానీ బయటి కొలత మారదు. పదేళ్ల సర్వీసున్న మన సభ్యుల్లోనూ కొందరికి ఈ సంగతి తెలియదని పండక్కి అడిగి చూస్తే తేలింది. పేర్లు రాయను.

స్టీమ్ లైన్ల పాఠం కాగితం మీద ఎక్కలేదు. పుస్తకంలో బొమ్మలు చూపిస్తే నిద్రపోయారు. చివరికి పలాసలో జీడిపిక్కలను స్టీముతో ఉడికించే ఒక ఫ్యాక్టరీకి తీసుకెళ్లాం. బాయిలరు చిన్నదే. కానీ లైను మొదలు నుంచి చివరిదాకా చేత్తో చూపించడానికి వీలైంది. స్టీమ్ చల్లబడి నీరు ఎక్కడ చేరుతుంది, ఆ నీటిని ట్రాప్ ఎలా బయటికి తోస్తుంది, ట్రాప్ మొరాయిస్తే ఏమవుతుంది అన్నవన్నీ అక్కడే తెలిశాయి. మేమున్నప్పుడే వాల్వు తెరవగానే లైను లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు ధడేల్‌మంది. నిలిచిన నీటిని స్టీము తోసుకెళ్లి వంపు దగ్గర గుద్దితే వచ్చే చప్పుడది, వాటర్ హ్యామర్. కారణం వెతకమంటే పిల్లలే పట్టుకున్నారు. పెద్ద పైపును చిన్న పైపుతో కలిపే, ఒక వైపు బల్లపరుపుగా ఉండే ఎక్సెంట్రిక్ రిడ్యూసర్‌ని ఆ బల్లపరుపు వైపు పైకి పెట్టి బిగించారు. పంపు సక్షన్‌లో (పంపులోకి ద్రవం పోయే వైపు) అయితే గాలి చిక్కకుండా అలాగే పెట్టాలి. స్టీమ్ లైనులో మాత్రం బల్లపరుపు కిందికే ఉండాలి, లేకపోతే అక్కడ నీరు నిలుస్తుంది. ఫ్యాక్టరీ ఆయన మంచి మనిషి, చెప్పిన వెంటనే రాసుకున్నాడు.

ఇంకొకటి కూడా ఆరోజే చెప్పాను. తెల్లగా కనపడేది స్టీము కాదు, చల్లబడిన తుంపర. అసలు స్టీము కంటికి కనపడదు. లీకుకీ ఆ తెలుపుకీ మధ్య ఖాళీగా కనిపించే జాగాలోనే చెయ్యి కాలేది. లీకు ఎక్కడో చేత్తో వెతకొద్దు, కర్ర చివర గుడ్డ కట్టి చూడండని మూడుసార్లు చెప్పాను. నా ఎడమ మణికట్టు మచ్చ చూపించాక ఇంకోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఎక్స్‌పాన్షన్ లూపు (సాగే పొడవును సర్దుకోవడానికి లైనులో పెట్టే వంపు) ఎందుకో కూడా లెక్కతోనే చెప్పాం. నూరు మీటర్ల కార్బన్ స్టీల్ లైను 200 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 20 సెంటీమీటర్లు సాగుతుంది. రెండు చివరలా బిగించేస్తే ఆ జానెడు పొడవు ఎక్కడికి పోవాలి? ఇక ఐబీఆర్ (బాయిలర్ నిబంధనల) కిందికి వచ్చే లైన్లలో పైపు కోసేముందు దాని మీదున్న హీట్ నంబరును (ఏ బ్యాచ్ ఉక్కో చెప్పేది) రెండో ముక్క మీదికి కూడా ఎక్కించాలి. అలా ఎక్కించకుండా కోస్తే ముక్క ఎంత బాగున్నా ఇన్‌స్పెక్టరు తీసుకోడు.

మన శిక్షణకు ప్రభుత్వ గుర్తింపు లేదు. ఉందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. పదో తరగతి పాసై 17, 18 ఏళ్లున్న పిల్లలకు మా మాట ఒకటే: రెండేళ్ల ఐటీఐ ఫిట్టరు చదివి, అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ వస్తుంది, చివర్లో జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. ఈ ఏడు నలుగురిని అలా ఒప్పించాం. వాళ్లకు ఫారాలు నింపడం మన కోశాధికారి గారే చూసుకున్నారు. మన షెడ్డు ఐటీఐకి పోలేనివాళ్ల కోసం, ఇప్పటికే పనిలో ఉండి పైకి రావాలనుకునేవాళ్ల కోసం.

ఏజెంట్ల సంగతి క్లుప్తంగా. సెప్టెంబరులో ఇద్దరు కుర్రాళ్లు తలా లక్షన్నర కట్టడానికి సిద్ధపడి, అదృష్టం బాగుండి ముందురోజు కాగితాలు చూపించారు. ఏజెంటు పైప్ ఫిట్టరు ఉద్యోగమన్నాడు, వీసా చూస్తే విజిట్ వీసా. అతని రిజిస్ట్రేషన్ నంబరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొడితే ఏమీ రాలేదు. ఆపేశాం. లైసెన్సున్న ఏజెంటు సర్వీస్ చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు. దానికే వేలల్లో అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి) కిందికి వస్తుంది కాబట్టి గల్ఫ్‌కి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా బయల్దేరొద్దు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఉన్నాం కనక కిడ్నీల విషయం రాయక తప్పదు. ఈ ఏడు మన సభ్యులు ఇద్దరు ఉద్యోగానికి ముందు చేసే మెడికల్‌లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) దగ్గర ఆగిపోయారు, అప్పటికే డబ్బు కట్టేశారు కూడా. అందుకే శిక్షణలో చేరే ముందే రక్త పరీక్ష రిపోర్టు అడుగుతున్నాం. దాన్నిబట్టి ఎవర్నీ తీసేయం, ముందే తెలిస్తే మంచిదని. నొప్పులకు మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగే అలవాటు మానండి, అవి కిడ్నీలకు చేటు.

మిగతావి: ఇద్దరు సభ్యుల కుటుంబాలకు అంత్యక్రియల సాయం అందించాం. మే ఈదురుగాలికి లేచిపోయిన షెడ్డు రేకులు మళ్లీ వేయించాం. లైబ్రరీ పెడదామన్నది ఈ ఏడు కూడా జరగలేదు.

వచ్చే బ్యాచ్ ఫిబ్రవరి రెండో వారంలో మొదలవుతుంది. సెలవు మీద వచ్చేవాళ్లు కనీసం రెండు రోజులు షెడ్డుకు వచ్చి, మీరు చేసిన ఒక ఐసో పిల్లలకు చెప్పి వెళ్లండి. సైటు పేరూ డ్రాయింగ్ నంబరూ అవసరం లేదు, చేత్తో గీసి చూపిస్తే చాలు. విశాఖలో స్క్రాప్ కొనే పరిచయాలున్నవాళ్లు పాత ఫ్లాంజిలు, ముఖ్యంగా నాలుగంగుళాలవి, దొరికితే చెప్పండి. ఆరంగుళాలవి మోసీ మోసీ పిల్లల నడుములు పడిపోతున్నాయి. చేరదలచినవాళ్లు మార్కుల లిస్టు, ఆధార్ నకలు, క్రియాటినిన్ రిపోర్టు తెచ్చుకోవాలి. టేపూ సుద్దా మేమే ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి