"ఎన్ని వేశావు, ఎన్ని తీశావు?": మా సెక్షన్ వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో సముద్రం పక్కనున్న ఒక కరెంటు సెక్షన్‌లో జూనియర్ లైన్‌మన్‌ని. రెండు నెలల పది రోజుల తర్వాత మొన్న సోమవారం మళ్ళీ డ్యూటీలో చేరాను. వానలో ఫ్యూజు వేయడానికి పోతూ రొయ్యల గుంటల కట్ట మీద బండి జారి పడ్డాను. ఎడమ కాలి ఎముక విరిగింది, నెల్లూరులో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇన్నాళ్ళూ నా పనిని, నా ఇంటిని మోసినవాళ్ళకు సోమవారం నాడే చెప్పుకోవాలనుకున్నాను. ఆఫీసులో లేచి నిలబడితే మాట రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నాకున్న మూడు ఊళ్ళను నలుగురు పంచుకున్నారు. నేను ఆసుపత్రిలో చేరిన రెండో రోజే మా సెక్షన్ చూసే అసిస్టెంట్ ఇంజనీర్, మా ఏఈ మేడం, ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించారట. ఏ రోజు, ఏ ఊరు, ఎవరు అని. ఆదివారం గడిలో తన పేరే రాసుకున్నారు. ఆదివారాలు నా ఊళ్ళ ఫోన్లన్నీ ఆమే ఎత్తారు, ఒక లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని ఆమే పోయారు. లైన్ ఇన్‌స్పెక్టర్ అన్న మా అమ్మను నెలనెలా షుగరు పరీక్షకు తన బండి మీద తీసుకెళ్ళాడు. సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్ తమ్ముడు నైట్ డ్యూటీ దిగి, కంటి నిండా నిద్ర పెట్టుకుని, ఇడ్లీలు కట్టించుకుని నా మంచం దగ్గరికి వచ్చేవాడు. వీళ్ళ రుణం నేనెట్టా తీర్చుకోవాలో తెలియడం లేదు.

నేను చేరిన కొత్తలో మేము ఇట్టా ఉండేవాళ్ళం కాదు. ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు కరెంటు తెచ్చే లైన్, పోతే లైన్ మీదున్న మేము సబ్‌స్టేషన్ వాళ్ళ మీద, వాళ్ళు మా మీద చెప్పుకునేవాళ్ళం. పైనుంచి ఫోన్ వస్తే ఎవరి పేరు చెప్పి బయటపడదామా అన్నదే ధ్యాస. అప్పుడున్న మనుషులే ఇప్పుడూ ఉన్నారు. మధ్యలో వచ్చింది మేడం ఒక్కరే.

మా పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. 11 కేవీ లైన్ మీద పని చేయాలంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి, మేం ఎల్సీ అంటాం. ఆపరేటర్ ఆ లైన్ బ్రేకర్ ఆపి కరెంటు తీసేసి, రిజిస్టర్‌లో టైము, పేరు రాసుకుని, ఎల్సీ ఇచ్చానంటాడు. మేం పని చేసే చోట లైన్‌కు రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేసి ఎక్కుతాం, పొరపాటున తీగలోకి కరెంటు వచ్చినా నేలలోకి పోయేట్టు. పనయ్యాక రాడ్లు తీసి, అందరూ దిగారని చూసుకుని, ఎల్సీ తీసుకున్నవాడే మళ్ళీ ఫోన్ చేసి రిటర్న్ చేయాలి. అప్పటిదాకా లైన్ ఛార్జ్ చేయకూడదు, అంటే కరెంటు వదలకూడదు. ఎక్కడో నాలుగు కిలోమీటర్ల అవతల కూర్చున్న ఒక మనిషి మాట మీద మేం తీగ పట్టుకుంటాం. ఆ మనిషితో పొద్దున పోట్లాడి ఉంటే చెయ్యి వణుకుతుంది, నిజంగా వణుకుతుంది.

మేడం వచ్చిన మూడో నెలలో తప్పు చేసింది నేనే. చీకటి పడుతోందన్న తొందరలో ఒక రాడ్డు లైన్ మీదే ఉంచేసి ఎల్సీ రిటర్న్ చేశాను. ఛార్జ్ చేయగానే పెద్ద చప్పుడుతో ఫీడర్ ట్రిప్పయి ఆగిపోయింది, తీగల్ని కలిపే జంపర్ కాలి తెగింది. దేవుడి దయ, దగ్గర్లో ఎవరూ లేరు. చెట్టు కొమ్మ పడిందని చెబుదామని నోటిదాకా వచ్చింది. మేడం ఫోన్లో, "నువ్వు బాగున్నావా? పక్కనెవరున్నారు, వాళ్ళు బాగున్నారా?" అని అడిగారు. ఆ తర్వాత నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

పై అధికారి డీఈ గారు అడిగినప్పుడు మేడం నా పేరు ముందు పెట్టలేదు. "నా సెక్షన్‌లో జరిగింది సార్, జవాబు నేను చెప్తాను" అన్నారు. అట్టని నన్ను ఊరికే వదిలేయలేదు. మర్నాడు పొద్దున అందరినీ కూర్చోబెట్టి, ఎక్కడ మర్చిపోయానో నాతోనే చెప్పించారు. చెప్తుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అప్పుడు మా ఇన్‌స్పెక్టర్ అన్న లేచి, ఇరవై ఏళ్ళ కింద తనకూ ఇట్టాంటిదే జరిగిందనీ, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు. ఆ రోజు నుంచి మా దగ్గర ఒక అలవాటు మొదలైంది. రిటర్న్ చేసేటప్పుడు ఆపరేటర్ అడుగుతాడు: "ఎన్ని వేశావు, ఎన్ని తీశావు?" లెక్క కలిస్తేనే రిజిస్టర్‌లో రాస్తాడు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే మా తీరాన్ని గాలీ వానా ఊపేసి పోయాయి. ఆ రాత్రి ఒక ఫీడర్ మీద మేం ఆరుగురం, మాతో మేడం. చుట్టూ వెనామీ రొయ్యల రైతులు. వాళ్ళ బాధ నాకు తెలుసు. అర్ధరాత్రి దాటితే గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, అప్పులు మీద పడతాయి. ఎల్సీ చేతిలో ఉంది, ఫీడర్ ఆగి ఉంది. రాడ్లేమో అర కిలోమీటరు వెనక ట్రాలీలో ఉండిపోయాయి. లైన్ చచ్చే ఉంది గదా అని నేను స్తంభం మీద కాలు పెట్టాను.

"దిగు" అన్నారు మేడం.

"ఇరవై నిమిషాలు పడుతుంది మేడం" అన్నాను. రైతులు కేకలు పెట్టారు. ఎవరో నాయకుడి ఫోన్ తెచ్చి ఆమె చేతికిచ్చారు. మోకాలి లోతు బురదలో నిలబడి, "ఆలస్యం నాది సార్, మా పిల్లలది కాదు. రాడ్డు లేకుండా ఎక్కించను" అని ఫోన్ తిరిగి ఇచ్చేశారు.

రాడ్లు వచ్చాయి. ముందు నేలలో ఎర్త్ బిగించి, కర్రతో కొక్కెం పైకెత్తి తీగకు తగిలించాను. చిట్లినట్టు నీలం నిప్పు లేచింది. మరుక్షణం కట్టల అవతల ఒక జనరేటర్ గుర్రుమని మొరాయించి ఆగిపోయింది. గుంట దగ్గర ఎవరో, జనరేటర్ కరెంటు మా లైన్‌లోకి రాకుండా విడదీసే ఛేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వేసుకున్నారు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి మా తీగలోకి వచ్చేసింది. కేకలు ఒక్కసారిగా ఆగాయి. నా పాపకు అప్పుడు ఏడు నెలలు.

తర్వాత తుఫాను పనికి మా సెక్షన్‌కు ప్రశంసాపత్రం ఇస్తామన్నారు. మేడం పోలేదు, ఇన్‌స్పెక్టర్ అన్ననూ ఆపరేటర్ తమ్ముణ్ణీ పంపారు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన శ్రీహరికోటకు కాంట్రాక్టు పనులకు పోయేవాడు, అప్పట్లో అది మన జిల్లానే. 1979 ఆగస్టులో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడిపోతే అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు తానే విలేకరుల ముందు కూర్చున్నారనీ, 1980 జూలైలో అదే రాకెట్ గెలిస్తే ప్రాజెక్టు డైరెక్టర్ కలాం గారిని ముందుకు పంపారనీ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో. చిన్నప్పుడు కథలాగా విన్నాను. మా సెక్షన్ ఆఫీసులో కళ్ళారా చూశాను.

ఆ జనరేటర్ రైతుకు కూడా నా నమస్కారం. మర్నాడే వచ్చి మేడం ముందు కంటతడి పెట్టుకున్నాడు, వారంలో స్విచ్ పెట్టించుకున్నాడు. ఇప్పుడు జనరేటర్ వేసే ముందు మాకు ఫోన్ చేస్తాడు. నేను కట్ట మీద పడిన రాత్రి, తన ఆటోలో నెల్లూరు దాకా నా కాలు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఆయనే.

సోమవారం నన్ను స్తంభం ఎక్కనివ్వలేదు. ఇంకో నెల కింద నిలబడి చూడడమే నా పని అన్నారు మేడం. ఎల్సీ మాత్రం నా పేరు మీదే తీసుకోమన్నారు. పని ముగిశాక ఫోన్ చేశాను. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత మా తమ్ముడి గొంతు.

"వచ్చావా అన్నా! సరే, చెప్పు. ఎన్ని వేశావు, ఎన్ని తీశావు?"

"రెండు వేశాం, రెండు తీశాం" అన్నాను.