పిల్లల డాక్టర్ ఏం చదివారో బోర్డు మీద రాయించండి

జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి,

నమస్కారం. రెండుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రాలేదు కాబట్టి, నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

మొన్న వానాకాలంలో అర్ధరాత్రి మా పాపకు జ్వరం 103 దాటితే, 'చిన్నపిల్లల వైద్య నిపుణులు' అని బోర్డున్న క్లినిక్‌కు ఎత్తుకెళ్లాం. బరువు తూచే మిషన్ మూలన ఉంది, దాని మీద మందుల అట్టపెట్టెలు. పాపను తూచకుండానే సిరప్ రాసిచ్చేశారు. పిల్లలకు పారాసిటమాల్ కూడా బరువు చూసే కదండీ ఇవ్వాలి! చీటీ మీద పేరుంది గానీ చదువు లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. మర్నాడు ఇంకో డాక్టరమ్మ చూసి, ఆ మోతాదు పాపకు ఎక్కువని మార్చారు. ఆ రాత్రి తల్చుకుంటే ఇప్పటికీ మాకు చేతులు వణుకుతాయి.

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపైన పిల్లల వైద్యంలో ఎండీకి 3 ఏళ్లు, డీసీహెచ్ అనే పిల్లల వైద్య డిప్లొమాకు 2 ఏళ్లు. ఇంటిల్లిపాదినీ చూసే ఫ్యామిలీ మెడిసిన్‌కూ విడిగా 3 ఏళ్ల కోర్సుంది. ఎంబీబీఎస్ వాళ్లు తక్కువని నేననడం లేదు, మా నాన్న బీపీని ఏళ్ల తరబడి చూస్తున్నది అలాంటి డాక్టర్ గారే, తన పరిధి దాటితే ఎక్కడికి వెళ్లాలో ఆయనే ముందు చెప్తారు. ఎవరి చేతిలో బిడ్డను పెడుతున్నామో మాకు తెలియాలి, అంతే.

రిజిస్ట్రేషన్ నంబర్ క్లినిక్‌లోనూ చీటీ మీదా ఉండాలని డాక్టర్ల నడవడికపై భారత వైద్య మండలి పెట్టిన 2002 నిబంధనలే చెప్తున్నాయి. దయచేసి నెల రోజుల్లో ప్రతి క్లినిక్‌నూ తనిఖీ చేయించి, డాక్టర్ చదువు, నంబర్ తెలుగులో రాయించండి. పిల్లల వైద్యంలో పై చదువు లేకుండా 'నిపుణులు' అని పెట్టుకున్న బోర్డులు తీయించండి.

ఇట్లు,
ఒక తండ్రి