మలద్వార క్యాన్సర్: పాజిటివ్ వచ్చాక ఎక్కడికి పంపుతారు?

సంపాదకులు గారికి,

హెచ్ఐవీతో జీవిస్తున్నవారికి మలద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ మన ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులిచ్చే) కేంద్రాల్లోనూ మొదలుకావాలి. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్ఐవీ దేశంలో 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. రక్తం పడుతోందనో గడ్డ తగులుతోందనో చెబితే, చూడకుండానే మొలలని మందు రాసిచ్చే అలవాటు మనకుంది. ఆ అలవాటుకి మూల్యం చెల్లించేది రోగి.

ముందే పట్టుకుంటే లాభమని రుజువైంది. అమెరికాలో హెచ్ఐవీ ఉండి, 35 ఏళ్లు నిండి, మలద్వార కణాల్లో హైగ్రేడ్ మార్పులు, అంటే క్యాన్సర్‌కు ముందు దశ, ఉన్న దాదాపు 4,450 మందిపై జరిపిన యాంకర్ అధ్యయనం 2022లో వెలువడింది. ఆ మార్పులకు చికిత్స చేసినవారిలో క్యాన్సర్‌గా ముదరడం 57 శాతం తగ్గింది.

అయితే మలద్వారం నుంచి కణాల నమూనా తీసే స్వాబ్ కిట్లు కొనేసి పని అయిపోయిందనుకుంటే ప్రమాదం. ఈ క్యాన్సర్లలో దాదాపు 90 శాతానికి హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) కారణం, అందులోనూ 16వ రకమే ప్రధానం. కానీ హెచ్ఐవీ ఉన్న, పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల్లో సగానికి పైగా హైరిస్క్, అంటే క్యాన్సర్ తెచ్చే రకం, హెచ్‌పీవీ పాజిటివే వస్తారు. అందరికీ హై రిజల్యూషన్ అనోస్కోపీ, అంటే ఎసిటిక్ యాసిడ్ అద్ది, భూతద్దంలో చూసి, అనుమానమున్నచోట బయాప్సీ తీయడం, ఎవరు చేస్తారు? ఆ నైపుణ్యం ఉన్నవారు చాలా తక్కువ. చేతిలో పాజిటివ్ రిపోర్టు, వెళ్లడానికి చోటు లేదు. ఇంత భయాన్ని రోగి నెత్తిన పెట్టి పంపడం న్యాయం కాదు.

ఎవరిని ముందు పంపాలో తేల్చడానికే బయోమార్కర్లు, అంటే ముప్పును సూచించే కణాల్లోని గుర్తులు, కావాలి. హెచ్‌పీవీ 16 విడిగా చెప్పే పరీక్ష మొదటి జల్లెడ. రెండోది పీ16, కేఐ-67 అనే రెండు ప్రొటీన్లను రంగులతో చూపే జంట రంగు పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ రెండూ కలిసి కనబడవు. ఒకే కణంలో రెండూ ఉన్నాయంటే వైరస్ ఆ కణం బ్రేకులు తెంచేసిందని అర్థం. మూడోది మిథైలేషన్, అంటే డీఎన్‌ఏపై చేరే రసాయన గుర్తులను చూసే పరీక్ష. మార్పు ముదిరేకొద్దీ ఏఎస్‌సీఎల్1, జెడ్‌ఎన్‌ఎఫ్582 వంటి జన్యువులపై మిథైల్ గుర్తులు పేరుకుంటాయి. మా దృష్టిలో భవిష్యత్తు దీనిదే, కానీ ఇంకా పెద్ద అధ్యయనాల్లో నిగ్గు తేలాలి. ఈ పరీక్షలో బైసల్ఫైట్ అనే రసాయనం కలిపే దశ డీఎన్‌ఏను చాలావరకు ముక్కలు చేస్తుంది. నమూనాలో కణాలు తక్కువుంటే నమూనా సరిపోయిందో లేదో చూపే కంట్రోల్ జన్యువు కూడా పలకదు. అలాంటిదాన్ని నెగెటివ్ అని కాదు, 'నమూనా చాలలేదు' అని రాయాలి.

నమూనా తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. దూది పుల్ల వద్దు, కణాలను అది వదలదు. పాలిస్టర్ స్వాబ్‌ను నీటితోనే తడిపి, దాదాపు 5 సెంటీమీటర్లు లోపలికి పోనిచ్చి, గోడకు ఆనించి తిప్పుతూ, అర నిమిషానికి తగ్గకుండా మెల్లగా బయటికి తీయాలి. వెంటనే ద్రవం ఉన్న సీసాలో గట్టిగా ఝాడించాలి. ముందురోజు నుంచి ఎనిమా, మలద్వార సంభోగం లేకుండా చూసుకోమని రోగికి చెప్పాలి.

అనోస్కోపీ వసతి వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 35 దాటిన హైరిస్క్ వారికి ఏడాదికోసారి వేలితో పరీక్ష చేయడానికి ఒక గ్లవ్, కాస్త జెల్లీ, రెండు నిమిషాలు చాలు. స్వాబ్ కూడా అదే రోజు తీసేటట్లయితే ముందు స్వాబ్, ఆ తర్వాతే వేలు. జెల్లీ అంటిన నమూనా పాడవుతుంది.

- పాథాలజీ వైద్యులు, విజయవాడ