ఆదివారం ఆటకి ఆర్మీ లిస్టులు పంపండి

అందరికీ నమస్తే. ఆదివారం ఉదయం 10కి వార్‌హ్యామర్ 40,000 (టేబుల్ మీద బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధం ఆట), పదో ఎడిషన్ రూల్స్, ఒక్కో సైన్యం 2,000 పాయింట్లు. లిస్టు (ఏ యూనిట్లు తెస్తున్నారో, వాటి పాయింట్లెన్నో) శుక్రవారం రాత్రి 9 లోపు ఇక్కడే పెట్టండి.

డిటాచ్‌మెంట్ (సైన్యానికి అదనపు రూల్స్ ఇచ్చే సెట్టు) ఒక్కటే. ఒకే యూనిట్ మూడుసార్లకి మించొద్దు, బ్యాటిల్‌లైన్ (సైన్యానికి వెన్నెముకలాంటి మామూలు దళాలు) అయితే ఆరు. ఎన్‌హాన్స్‌మెంట్లు (నాయకులకి ఇచ్చే అదనపు శక్తులు) మూడే. వాటి పాయింట్లూ కలపండి, లెక్క తప్పేది అక్కడే. వార్‌లార్డ్ (సైన్యాధిపతి) ఎవరో రాయండి.

పాయింట్లన్నీ ట్యాంకుల మీదే పోసేయకండి బాబూ! ఆట 5 రౌండ్లే, గెలిపించేది ఆబ్జెక్టివ్‌లు (టేబుల్ మీద పట్టుకోవాల్సిన చోట్లు). మన వైపు ఆబ్జెక్టివ్‌కి చవక యూనిట్ ఒకటి, మూలలకి పరిగెత్తేవి రెండు ఉండాలి. స్పేస్ మెరైన్స్ సైన్యంతో ఆడేవాళ్లకి ఐదుగురు ఇంటర్‌సెసర్లు (ఆ సైన్యంలో మామూలు సైనికులు) చాలు: పట్టుకున్న ఆబ్జెక్టివ్ వదిలి ముందుకెళ్లినా, శత్రువు వచ్చి లాక్కునేదాకా అది మనదే. బ్యాటిల్‌షాక్ తగిలితే (యూనిట్ బెదిరిపోతే) దాని ఓసీ (ఆబ్జెక్టివ్ పట్టుకునే బలం) సున్నా, కాబట్టి మధ్యలో ఒక్క యూనిట్‌నే నమ్ముకోవద్దు.

అంగుళాల టేపు, డైస్, లిస్టు ప్రింటు మర్చిపోకండి.