2024-25 వార్షిక నివేదిక: మంద కాసే కుక్కల తిండి

సంఘం పెద్దలకు, సభ్యులకు, మంద వదిలి రాలేక సమావేశానికి అందుకోలేకపోయిన కాపరులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మనం చేసిన పనులు ఇవి. వానలకు ముందే గొర్రెలకు చిటుకు రోగం టీకాలు వేయించాం. తర్వాత పారుడు రోగం టీకాలు కూడా అయ్యాయి. నట్టల మందు రెండు విడతలూ అనుకున్న నెలల్లోనే తాగించాం. జమాఖర్చుల కాగితం వేరుగా జతచేశాను, కోశాధికారి చదివి వినిపిస్తారు. ఇవన్నీ ఏటా జరిగేవే. ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ పొద్దు తీసుకున్నది మాత్రం కుక్కల తిండి. అందుకే ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

కార్తీకంలో ఏం జరిగిందో చాలామందికి తెలుసు, తెలియనివాళ్ల కోసం చెప్తాను. కొందరం కలిసి పట్నంలో ఒక దుకాణం నుంచి విడిగా అమ్మే డాగ్ ఫుడ్ బస్తాల్లో తెచ్చాం. చవగ్గా వచ్చింది. వెళ్లి తెచ్చింది నేనే, రసీదు మీద సంతకం కూడా నాదే. బస్తాలను రేకుల షెడ్డులో నేలమీదే దించాం. వెంటనే ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. ఆ తర్వాత ఒక సభ్యుడు ఫోను చేశాడు: "నల్లోడు తిండి ముట్టట్లేదన్నా, ఒంటికి ఏందో అయ్యుండాది." వెళ్లి చూస్తే కుక్క కళ్లు పచ్చగా ఉన్నాయి, మూత్రం టీ డికాషన్ రంగులో పోస్తోంది. మూడో రోజుకు పోయింది. ఉదయగిరి కొండ దిగువన ఆరేళ్లు మంద కాసిన కుక్క.

పశువైద్యుడు అడిగిన మొదటి మాట, "ఏం పెడుతున్నారు?" అని. బస్తా తీసుకొచ్చి చూపించాం. పైన గుళికలు బాగానే ఉన్నాయి. ఆయన చెయ్యి మోచేతి దాకా దించి అడుగు నుంచి పిడికెడు తీశారు. గుళికలు ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి, పైన పచ్చటి బూజు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన. మొక్కజొన్నకు, వేరుశనగ చెక్కకు పట్టే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుందని, అది నేరుగా కాలేయాన్ని దెబ్బతీస్తుందని ఆయన చెప్పారు. ఉడికించినా వేయించినా ఆ విషం పూర్తిగా పోదట. పెద్ద గొర్రె కొంత తట్టుకుంటుంది కానీ కుక్క తట్టుకోలేదు. బూజు దుకాణంలోనే పట్టిందో మన షెడ్డులో పట్టిందో తేలలేదు. తేలినా నల్లోడు తిరిగి రాడు. ఆ కుటుంబానికి సంఘం తరఫున ఒక కుక్కపిల్లను ఇచ్చాం.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. గొర్రెకు ఏ మేత, ఎంత, ఏ వేళకు అని నాలుగు రకాలుగా ఆలోచించే మనం, రాత్రంతా నిద్రపోకుండా దొడ్డి చుట్టూ తిరిగే కుక్క విషయానికి వచ్చేసరికి మిగిలింది పెట్టడమే అలవాటు చేసుకున్నాం. దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె మన నెల్లూరు జాతి. అందులో జొడిపి రకమైనా పల్ల అయినా దొర అయినా ఒక్క పొట్టేలు నక్క నోట పడితే ఎంత నష్టమో మీకు చెప్పక్కర్లేదు. వెలిగొండ అంచున మేపేవాళ్లకు చిరుత భయం కూడా ఉంది. ఆ భయాన్ని మనకంటే ముందు మోసేది కుక్క.

సంగటి గురించి ముందే ఒక మాట. సంగటి, మజ్జిగ పెట్టడం తప్పని నేను అనను. కుక్క తోడేలు లాంటిది కాదు, పిండి పదార్థాన్ని బాగానే అరిగించుకుంటుంది. మనుషుల దగ్గర బతికిన వేల ఏళ్లలో పిండిని అరిగించే జన్యువు ప్రతుల సంఖ్య దానిలో తోడేలు కంటే ఎన్నో రెట్లు పెరిగిందని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. రాగిలో కాల్షియం కూడా మిగతా ధాన్యాల కంటే ఎక్కువే. కానీ రాగిపిండిలో వందకు ఏడు పాళ్లు మాంసకృత్తులు, కొవ్వు రెండు పాళ్లు కూడా ఉండదు. రాత్రంతా పరిగెత్తే కుక్కను నడిపేది ఆ కొవ్వే. అలాస్కాలో మంచుబళ్లు లాగే కుక్కలు పందెం రోజుల్లో రోజుకు 10,000 కేలరీల దాకా ఖర్చు చేస్తాయి, అందులో పెద్ద భాగం కొవ్వు నుంచే. మన కుక్కలకు అంత పని లేదు, మన దగ్గర ఆ చలీ లేదు. అయినా సూత్రం ఒకటే. పైగా కొవ్వు అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి మాంసకృత్తులు అరిగేటప్పటి కంటే తక్కువ, మన ఎండలకు అదీ మంచిదే.

ఇక కొనే సంగతి. జనవరి సమావేశానికి రెండు రకాల బస్తాలు తెప్పించి మధ్యలో పెట్టాం. బస్తా ముందువైపు బొమ్మను నమ్మకుండా వెనకవైపు సన్నటి అక్షరాలు చదవమని ఒక సభ్యుడి పదో తరగతి చదివే కూతురిని కూర్చోబెట్టాం. ఆ అమ్మాయి చదివిన అంకెలు ఇవి. మొదటి దానిలో ప్రొటీన్ 20 శాతం, కొవ్వు 8, పీచు 5, తేమ 10, బూడిద (అంటే ఖనిజాలు) 8. రెండో దానిలో ప్రొటీన్ 28, కొవ్వు 18, పీచు 3, తేమ 10, బూడిద 7. ఇవన్నీ కూడి వందలోంచి తీసేస్తే మిగిలేది పిండి పదార్థం: మొదటి దానిలో 49, రెండో దానిలో 34. గ్రాము ప్రొటీన్‌కు, గ్రాము పిండికి మూడున్నర కేలరీలు, గ్రాము కొవ్వుకు ఎనిమిదిన్నర వేసుకోవాలి. లెక్క చూస్తే మొదటిది 100 గ్రాములకు 310 కేలరీలు, రెండోది 370.

కుక్కకు ఎంత కావాలో కూడా ఫోనులోని క్యాలిక్యులేటర్‌తోనే తేల్చాం. బరువును మూడుసార్లు వేసి గుణించండి. 20 కిలోల కుక్కయితే 20×20×20, అంటే 8,000. దానికి రెండుసార్లు వర్గమూలం తీస్తే సుమారు 9.46, దాన్ని 70తో గుణిస్తే 662. ఇది ఊరికే పడుకున్నా ఖర్చయ్యే శక్తి. ఓ మోస్తరు పని చేసే కుక్కకు దీనికి రెండింతలు, అంటే 1,324 కేలరీలు. కొండల్లో రోజంతా నడిచేదానికి మూడింతలు. రెండింతల లెక్కనే తీసుకుంటే మొదటి రకం రోజుకు 430 గ్రాములు పెట్టాలి, రెండోది 360 చాలు. ఉదాహరణకు మొదటిది కిలో 200 రూపాయలు, రెండోది 230 అనుకుందాం. రోజు ఖర్చు మొదటిదానికి 86 రూపాయలు, రెండోదానికి 83. బస్తా ధర ఎక్కువైనా రోజు ఖర్చు తగ్గిందని ఆ అమ్మాయి చెప్పగానే గదిలో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే ముందు ప్రతిసారీ ఇదే లెక్క వేసుకోండి.

అయితే అంకెలు బాగుంటే చాలదు. బస్తా మీద వేసే ప్రొటీన్ అంకె నిజానికి నత్రజనిని కొలిచి కట్టిన అంకె. 2007లో చైనా నుంచి అమెరికాకు వెళ్లిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం కలిసింది. అందులో నత్రజని ఎక్కువ కాబట్టి ప్రొటీన్ ఎక్కువున్నట్టు పరీక్షలో కనబడింది, అక్కడ ఎన్నో కుక్కలు, పిల్లులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. అందుకే దినుసుల జాబితా చదవాలి. ఎక్కువ బరువున్న దినుసు ముందు రాస్తారు. మొదట "చికెన్" అని ఉంటే సంతోషపడిపోవద్దు, పచ్చి కోడి మాంసంలో మూడింట రెండు వంతులు నీళ్లే. "చికెన్ మీల్" అంటే నీరు తీసేసిన పొడి, ప్రొటీన్ లెక్కన అదే బరువైనది. ఏ జంతువుదో చెప్పకుండా ఊరికే "మీట్ మీల్" అని రాస్తే నాకు అనుమానమే. ఇంకో కిటుకు కూడా ఉంది. మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, బియ్యం నూక, తవుడు అని విడగొట్టి రాస్తే ఒక్కొక్కటీ మాంసం కంటే కిందికి పోతుంది, అన్నీ కలిపితే మాంసం కంటే ఎక్కువవుతుంది. ఎర్ర గుళికలు, పచ్చ గుళికలు కలిపిన రంగురంగుల బస్తా కూడా మనకు వద్దు. కుక్కకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, ఆ రంగులు కొనేవాడి కంటి కోసమే.

ఆ బస్తా ఒక్కటే పెట్టినా కుక్కకు సరిపడే "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అన్న మాట ఉందా లేదా చూడండి. లేకపోతే అది చిరుతిండి కింద లెక్క. పని కుక్కకు ప్రొటీన్ 26కు, కొవ్వు 16కు తగ్గకుండా చూసుకుంటే మంచిదని మన పశువైద్యుడు చెప్పారు. ఇంటి వసారాలో పడుకునే కుక్కకు ఇదే పెడితే మాత్రం ఒళ్లు వస్తుంది, జబ్బులూ వస్తాయి. కుక్కపిల్లలకు, పాలిచ్చే కుక్కకు పప్పీ ఫుడ్ వేరే ఉంది. కోళ్ల మేత వేయొచ్చా అని ఇద్దరు అడిగారు. వేయొద్దు. అందులో కోళ్ల పేగు జబ్బుకు కలిపే కొన్ని మందులు కుక్కకు విషం.

రెండు మందల్లో ఫిబ్రవరి నుంచి రెండో రకం మొదలుపెట్టాం. ఒక్కసారిగా మార్చకుండా పది రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాం. మొదటి వారం ఒక కుక్కకు విరేచనాలు పట్టుకున్నాయి, కొంచెం వెనక్కి తగ్గితే సర్దుకుంది. నెల తిరిగేసరికి మలం గట్టిపడింది, పరిమాణం తగ్గింది, వెంట్రుకలకు నిగారింపు వచ్చింది. తూకం లేకపోయినా చేత్తో తెలుస్తుంది. సాయంత్రం దొడ్డి దగ్గర కుక్కను నిలబెట్టి పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించండి. కంటికి కనబడకూడదు, వేళ్లకు మాత్రం ఒక్కొక్కటీ తెలియాలి. తెలియకపోతే పిడికెడు తగ్గించండి, కంటికి కనబడితే పిడికెడు పెంచండి.

వేళ విషయంలో మన అలవాటు తిరగబడాలి. చీకటి పడగానే కడుపు నిండా పెట్టి మంద వెంట వదలడం ప్రమాదం. నిండిన పొట్టతో పరిగెత్తితే కొన్ని కుక్కలకు, ముఖ్యంగా ఛాతీ లోతున్న వాటికి, పొట్ట ఉబ్బి మెలికపడుతుంది, గంటల్లో ప్రాణం పోతుంది. రాత్రి కాపలా ముగిసి కాసేపు సేదతీరాక పొద్దున పెద్ద భాగం పెట్టి, సాయంత్రం పనికి రెండు మూడు గంటల ముందు కొద్దిగా పెట్టండి. పొడి గుళికల్లో తేమ పదో వంతే కాబట్టి సంగటి తిన్నప్పటి కంటే నీళ్లు చాలా ఎక్కువ కావాలి. రోహిణి కార్తెలో మంద వెంట కుక్కకంటూ ఒక నీళ్ల డబ్బా ఉండాల్సిందే.

ఇంకొకటి, దీన్ని నేను తిండి విషయంలోనే కలిపి చూస్తాను. చచ్చిన గొర్రె తలను, కోసిన పొట్టేలు పేగులను, ఊపిరితిత్తులను పచ్చిగా కుక్కకు వేయడం మానాలి. తలలోని బుడగ తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగు పెరిగి, దాని గుడ్లు కుక్క మలంతో మేతమీద పడతాయి, ఆ మేత తిన్న గొర్రె ఒంట్లో వాటి నుంచి వచ్చే పిల్లపురుగులు మెదడుకు చేరతాయి. ఒకే వైపు గిర్రున తిరుగుతూ పడిపోయే గొర్రెలను మనం చాలానే చూశాం. ఆ జబ్బుకు మూలం మన కుక్క, మన చెయ్యి. కాలేయం, ఊపిరితిత్తుల బుడగల నుంచి వచ్చే ఇంకో రకం పురుగు గుడ్లు కుక్క ఒంటిమీది నుంచి మన పిల్లల నోటికి చేరితే మనుషుల కాలేయంలోనూ బుడగలు పెరుగుతాయి. పారేయలేక పెట్టాల్సి వస్తే ముప్పావు గంట మరిగించండి. చచ్చిన జీవాన్ని సున్నం చల్లి లోతుగా పూడ్చండి. మూడు నెలలకోసారి కుక్కలకు బద్దెపురుగులను చంపే ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర వేయడం, ఏడాదికోసారి రేబిస్ టీకా వేయించడం వచ్చే ఏడాది నుంచి గొర్రెల నట్టల మందుతో పాటే జరగాలని కోరుతున్నాను.

2025-26కు కార్యవర్గం ఆమోదించిన పనులు: విడి బస్తాలు ఇక కొనం. తయారీ తేదీ, గడువు తేదీ ఉన్న సీలు బస్తాలనే సంఘం తరఫున కలిసి కొంటాం. తిండిని బస్తాతో సహా మూతున్న డ్రమ్ములో, నేలకు జానెడు ఎత్తున చెక్కల మీద ఉంచుతాం. మూతి విప్పిన బస్తా నెలన్నర దాటితే వాడం. కొత్త బస్తా తెరిచినవాళ్లు అడుగు దాకా చెయ్యి పెట్టి వాసన చూసి, తేదీ వేసి, డ్రమ్ము మీద అంటించిన కాగితంలో సంతకం చేయాలి. మొదటి సంతకం నేను చేశాను. రెండు డ్రమ్ములు వచ్చాయి, మూడోదానికి విరాళం ఇవ్వదలచినవాళ్లు సమావేశం అయ్యాక కోశాధికారిని కలవండి.

కార్యదర్శి