పలాసలో బండి ఆగుతుంది కదా

పలాస,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావు? "బానే ఉన్నా" అని నువ్వు పెట్టిన మెసేజ్ వచ్చి పంతొమ్మిది రోజులైంది. ఫోన్ చేస్తే వార్డులో ఉన్నానంటావు, రాత్రికి చేస్తానంటావు. రాత్రి పదకొండు దాకా ఫోన్ పక్కన పెట్టుకునే ఉంటున్నాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీకు తీరిక దొరికినప్పుడే చదువుకో.

తిత్లీ తుఫాను తర్వాత వేసిన జీడిమొక్కలు ఈ ఏడు బాగా కాశాయి. మీ నాన్న పొద్దున్నే తోటకి పోయి, ఎండెక్కాక వస్తున్నారు. జీడిపిక్కలు ఇంకా అమ్మలేదు, రేటు చూస్తున్నారు. మోకాలికి నువ్వు చెప్పిన తువ్వాలు ఎక్సర్‌సైజు చేస్తున్నారా అని అడిగావు కదా పోయిన నెల. రెండు రోజులు చేశారు. మూడో రోజు నుంచి నేను అరిస్తేనే చేస్తున్నారు.

సోంపేట అత్త వాళ్లింట్లో పెళ్లికి వెళ్లొచ్చాం. భోజనాలు బాగా పెట్టారు. పంక్తిలో మందస పిన్ని నా పక్కనే కూర్చుంది. వాళ్ల పెద్దోడు భువనేశ్వర్ స్టేషన్‌లో నిన్ను చూశాడట. "మీ గుంట పెద్ద బ్యాగు పట్టుకుని హైదరాబాదు బండి కోసం నిలబడ్డాదట. ఏదో ఇంటర్వ్యూకట. ఫిజియో చదువు మానేస్తాదటగా?" అంది. చుట్టూ నలుగురూ విన్నారు. "అబ్బే, సెలవులకేమో" అన్నాను. ఆ తర్వాత అన్నం సయించలేదు.

నేను నమ్మలేదనుకో. ఎవరినో చూసి నువ్వే అనుకుని ఉంటాడు. ఆ బ్యాగు నీలం రంగుదా అని మాత్రం అడిగాను. పిన్నికి తెలీదంది.

సరే, అది వదిలెయ్. అంగన్‌వాడీలో ఎండలకి పిల్లలు తక్కువగానే వస్తున్నారు. చెరువుగట్టు దగ్గరి చిన్నోడు గుర్తున్నాడా, పదిహేను నెలలొచ్చినా మెడ నిలపట్లేదని నీకు వీడియో పంపాను? నువ్వు చెప్పినట్టే వాళ్ల నాన్న చేత రెండు చెక్కలు మూలలా కొట్టించి, ముందు చిన్న బల్ల పెట్టించాను. వాణ్ని ఆ మూలలో కూర్చోబెట్టి గిలక్కాయ కళ్లెత్తులో పట్టుకుంటే ఇప్పుడు తలెత్తి చూస్తున్నాడు. మొన్న నేను ఒకట్లు లెక్కపెడుతుంటే పది దాకా నిలిపాడు. మొదట్లో మూడు కూడా అయ్యేది కాదు. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి క్రమంగా తీసుకెళ్లండమ్మా అంటే, వాళ్ల నాయనమ్మ "వికలాంగుల సదరం సర్టిఫికెట్టు వస్తే నెలకి 6,000 పింఛను వస్తాది గదా, ఇంకా తిరగడం దేనికి?" అంది. పింఛను ఒకటో తారీఖున ఇంటికొస్తుంది, మెడ దానంతటది నిలబడదు అని చెప్పాను. వాళ్ల అమ్మకి అర్థమైంది. వచ్చే సోమవారం నేనే బస్సెక్కిస్తాను.

ఇవన్నీ నీ దగ్గర నేర్చుకున్న మాటలే చిట్టీ. ఫోన్లో నువ్వు చెప్పడం, నేను ఇక్కడ చెయ్యడం. ఇరవై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్నా, మూల కుర్చీ అనేదొకటి ఉంటుందని నాకు తెలీదు.

నిన్ను స్టేషన్‌లో చూసిన రోజు మంగళవారం అంది పిన్ని. మంగళవారం నీకు ఓపీ ఉంటుంది కదా?

మొన్న చిన్న మావయ్యని చూసొచ్చాను. నిన్ను రెండుసార్లు అడిగాడు. ఆయన సంగతి నీకు తెలిసిందే అయినా ఇవాళ రాయాలనిపిస్తోంది. అప్పుడు నువ్వు ఇంటర్ మొదటి సంవత్సరం, టెక్కలి హాస్టల్లో ఉన్నావు. సగం సంగతులు నీకు చెప్పలేదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలమీదున్నాయి. మావయ్య నాలుగు రోజులు తిండి లేకుండా చెట్లు నరికాడు. వారం తిరక్కుండా, సగం వాలిన కొబ్బరిచెట్టు మీదెక్కి గెలలు దించుతుంటే చెట్టు జారింది. వెల్లకిలా పడ్డాడు. విశాఖలో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. పద్దెనిమిదో రోజు ఇంటికి పంపేశారు. కాయితంలో మాత్రల పేర్లు తప్ప ఇంకేమీ లేవు. ఎలా పడుకోబెట్టాలో, ఎలా తిప్పాలో, మూత్రం సంచి ఎలా చూసుకోవాలో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడగాలని తెలిస్తే కదా.

అమ్మమ్మ మెత్తటి పరుపు వేసి, కదిపితే నొప్పి పుడుతుందని కదపకుండా చూసుకుంది. కన్నతల్లి కదా, గాజుబొమ్మని చూసుకున్నట్టు చూసుకుంది. మూడు వారాలకి నడుం కింద రూపాయి బిళ్లంత ఎరుపు కనబడింది. చెమటపొక్కేమో అనుకున్నాం. ఇంకో పది రోజులకి అక్కడ నా పిడికిలి పట్టేంత పుండు. ఆయనకి స్పర్శ లేదు కాబట్టి నొప్పే తెలీలేదు. వాసన వస్తేనే మాకు తెలిసింది.

అప్పుడే సోంపేట నుంచి మోటార్ సైకిల్ మీద ఆ ఫిజియో అబ్బాయి రావడం మొదలుపెట్టాడు. కాళ్లు పట్టి మర్దన చేస్తాడేమో అని మేమంతా మంచం చుట్టూ నిలబడ్డాం. అతను కాళ్లు ముట్టుకోలేదు. "గోడ గడియారం ఉందా?" అని అడిగాడు. దాన్ని తెచ్చి మంచం ఎదురుగా కట్టించాడు. రెండు గంటలకోసారి తిప్పాలి. కుడివైపు, ఎడమవైపు. మోకాళ్ల మధ్య దిండు. పగలు అమ్మమ్మ, రాత్రి నేను. పది, పన్నెండు, రెండు, నాలుగు. అలారం మోగకముందే మెలకువ వచ్చేసేది. ఇప్పటికీ రెండింటికి మెలకువ వస్తుంది నాకు.

సంక్రాంతి సెలవులకి నువ్వొచ్చావు. ఆ అబ్బాయి "వీపు ఎలా ఉందో ఆయనే చూసుకోవడం నేర్చుకోవాలి, మీరు ఎన్నాళ్లు చూస్తారు?" అని అద్దం తెమ్మన్నాడు. నువ్వు గోడకున్న అద్దం దింపి పట్టుకున్నావు. మావయ్య చేతిలో చిన్నద్దం. నువ్వు కాస్త అటూ ఇటూ వంచి, ఆయనకి కనబడేలా ఆపావు. మావయ్య చూసి, "ఇది నా ఒళ్లేనా?" అన్నాడు. నేను మొహం తిప్పేసుకున్నాను. నువ్వు తిప్పుకోలేదు. పదహారేళ్ల పిల్లవి, చెయ్యి వణకలేదు. "పోయిన వారం కన్నా తగ్గింది మావయ్యా, అంచులు ఎర్రగా వస్తున్నాయి" అన్నావు. నువ్వు ఏం చదువుతావో నాకు ఆ రోజే తెలిసిపోయింది.

పెరట్లో పడిపోయిన పనసచెట్టుని కోయించి ఆ కర్రతోనే చెక్క చేయించారు. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి జారడానికి. మూరెడున్నర పొడుగు. నువ్వు కొవ్వొత్తితో రుద్ది రుద్ది నున్నగా చేశావు. మావయ్య రెండుసార్లు కింద పడ్డాడు. ఒకసారి అమ్మమ్మ చెక్కని పొయ్యిలో పెట్టేస్తానంది. ఉగాది నాడు ఎవరూ పట్టుకోకుండా జారి, కూర్చుని, గుమ్మం దాకా వచ్చి వీధి చూశాడు. అంతకు ముందు ఆయన వీధి చూసి ఐదు నెలలైంది.

కాళ్లు రాలేదు. ఇప్పుడు కొట్లో కూర్చుని బేరం చేస్తూనే, పావుగంటకోసారి రెండు చేతులూ ఆనించి ఒళ్లు పైకెత్తి, మళ్లీ కూర్చుంటాడు. మొన్నా చూశాను. మళ్లీ పుండు పడలేదు. ఆ చెక్క నడిమధ్యన అరిగి పల్లం పడింది. కుర్చీ దిండు కూడా అణిగిపోయిందట, ఏ రకం కొనాలో నిన్ను అడగమన్నాడు. ఆ మాటైనా ఆయనకి ఫోన్ చేసి చెప్పు.

ఆ ఫిజియో అబ్బాయి చివరి రోజున నాతో ఏమన్నాడో కూడా నీకు గుర్తుండాలి. "నాకు తెలిసింది ఇంతే అక్కా. బిగుసుకుపోయే కాళ్ల సంగతి, మూత్రం సంగతి ఇంకా చదువుకున్నవాళ్లు చూడాలి" అన్నాడు. నువ్వు గుమ్మంలో నిలబడి విన్నావు.

నీకు చెప్పేంతదాన్ని కాదు. కానీ నాలుగున్నరేళ్లు బీపీటీ అని ఫిజియో డిగ్రీ చదివి, ఎంట్రన్స్ రాసి, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో దాని పైచదువు ఎంపీటీకి సీటు తెచ్చుకుని, రెండేళ్లలో ఒక ఏడాది గట్టెక్కాక ఇప్పుడు ఆపడమేమిటమ్మా? ఆపుతున్నావని కాదు. ఒకవేళ అనుకుంటే అంటున్నాను. నిన్ను దింపడానికి వచ్చినప్పుడు ఆ సంస్థ 1975 నుంచీ ఉందని మీ సీనియర్ చెప్పింది. కృత్రిమ కాళ్లు చేసే షెడ్డు చూశాం. బయట రెండు కడ్డీల మధ్య ఒకాయన కొత్త కాలుతో నడవడం నేర్చుకుంటున్నాడు. ఆయన భార్య పాత ఊతకర్ర పట్టుకుని పక్కనే నడుస్తోంది. మీ నాన్న అక్కడే చాలాసేపు నిలబడిపోయారు. బస్సులో "మన పిల్ల సరైన చోటికి వచ్చింది" అన్నారు. ఆయన అంత మాట అనడం నీకు తెలుసు కదా, ఎప్పుడో గానీ ఉండదు.

థీసిస్‌కి ముప్పై మంది పేషెంట్లు కావాలి, పదకొండు మందే దొరికారు అని దిగులుపడ్డావు పోయినసారి. పక్షవాతం వచ్చినవాళ్లకి కూలిపని పోయి, బస్సు ఖర్చులకి కూడా ఉండవు. మధ్యలో మానేస్తారు. అది నీ తప్పు కాదు. మీ గైడ్ గారితో గట్టిగా మాట్లాడు, గడువు అడుగు. ఆ అద్దం వైద్యం నువ్వు నాకు ఎంత బాగా చెప్పావు! మంచి చెయ్యి అద్దం ముందు, పడిపోయిన చెయ్యి అద్దం వెనక. మంచి చెయ్యి కదులుతుంటే అద్దంలో రెండోది కదిలినట్టు కనబడి, మెదడు మళ్లీ దాన్ని కదిలించడం నేర్చుకుంటుందని. రామచంద్రన్ గారు మొదట 1990ల్లో, తీసేసిన చెయ్యి నొప్పి పెడుతుందనే వాళ్ల కోసం వాడారని కూడా చెప్పావు. నువ్వు చెబుతుంటే నాకు మాత్రం నువ్వు గోడద్దం పట్టుకుని నిలబడ్డ సంక్రాంతే గుర్తొచ్చింది.

మేరీ వర్గీస్ గారి సంగతీ నువ్వే చెప్పావు. వెల్లూరు డాక్టరమ్మ. 1954లో ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్లు పోయాయి. కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. అంతటితో ఆగకుండా న్యూయార్క్ వెళ్లి, ఇలాంటివాళ్లని మళ్లీ నిలబెట్టే పునరావాస వైద్యం చదువుకుని వచ్చి, 1966లో వెల్లూరులో ఇలాంటి రోగుల్ని ఉంచుకుని నేర్పించే చోటు తెరిపించింది. కాళ్లు పోయాక మళ్లీ బడికెళ్లిందమ్మా ఆవిడ.

ఆ ఇంటర్వ్యూ ఇళ్లకి వెళ్లి ఫిజియో చేసే ఉద్యోగానికేమో, అది తక్కువదని నేననను. ఇంటికొచ్చే ఆ అబ్బాయే లేకపోతే మన మావయ్య ఈపాటికి ఉండేవాడు కాదు. నీకు ఆ పనే ఇష్టమైతే, ఓపిక అయిపోయిందంటే, అదీ వింటాను. కానీ నాకు ఇంకో అనుమానం ఉంది. అసలు దాని కోసమే ఇంత రాశాను.

నా గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉందని నీకెవరో చెప్పారు. అవునా?

సంక్రాంతికి వచ్చినప్పుడు నా మెడ చూసి అడిగావు. తెగింది, అతకడానికిచ్చాను అన్నాను. అది అబద్ధం. నీ ఫీజుకీ హాస్టలుకీ కలిపి పెట్టాం. ఇప్పటికే సగం తీర్చాం, పిక్కలు అమ్మితే మిగతాది తీరుతుంది. రసీదు బీరువాలో పసుపు డబ్బా వెనక ఉంది, వచ్చినప్పుడు నీకు చూపిస్తాను. నేను నీ దగ్గర దాచాను కాబట్టే నువ్వూ నా దగ్గర దాస్తున్నావేమో అని ఈ వారమంతా అదే ఆలోచన. ఇంక దాచను. నువ్వూ దాచకు. నా గొలుసు విడిపించడానికి మాత్రం నువ్వు చదువు మానొద్దు. అది నాకు మెడలో వేసుకోబుద్ధి కాదు.

నడుం నొప్పి ఎలా ఉంది? పేషెంట్‌ని లేపేటప్పుడు మోకాళ్లు వంచి లేపు, వీపు వంచొద్దు. మావయ్యని ఎత్తేటప్పుడు మాకు నువ్వే నేర్పావు. పెరుగు తింటున్నావా? అక్కడ వాళ్లు తినే పఖాళ మన చద్దన్నమేనట కదా, ఎండల్లో అదే తిను, ఒంటికి మంచిది. పక్కింటి బావ పదిహేనో తారీఖున కటక్ వస్తున్నాడు. కేజీ జీడిపప్పు, కొత్త ఆవకాయ, మందస కోవా పంపిస్తున్నాను. కోవా రెండు రోజుల్లో అవగొట్టు, పాడవుతుంది. నీ రూమ్మేట్‌కి కూడా పెట్టు.

హైదరాబాదు బండి ఏదైనా పలాస మీదుగానే పోవాలి కదా చిట్టీ. ఆ మంగళవారం నేను స్టేషన్‌కి పది నిమిషాల దూరంలో, పిల్లలకి గుడ్లు పంచుతూ ఉన్నాను. ఈసారి ఎటు వెళ్లినా, ఎందుకు వెళ్లినా నాకు బోగీ నంబర్ మెసేజ్ పెట్టు. నువ్వు దిగక్కర్లేదు, ఏమీ చెప్పక్కర్లేదు. కిటికీ దగ్గర కూర్చో చాలు. క్యారేజీ అందించి పక్కకి జరిగి నిలబడతాను.

మీ అమ్మ

నీలం బ్యాగు జిప్పు ఊడిపోయిందన్నావు. దాంతో ప్రయాణం చెయ్యకు, సామాన్లు పడిపోతాయి. బావ చేతికి మీ నాన్న బ్యాగు ఇచ్చి పంపిస్తున్నాను.