పరమ్ యంత్రాల మీద బీటెక్ పిల్లలకూ చోటివ్వండి

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2015లో రూ.4,500 కోట్లతో తలపెట్టిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ పుణ్యమా అని పెద్ద విద్యాసంస్థల్లో పరమ్ సూపర్‌కంప్యూటర్లు నడుస్తున్నాయి. బెంగళూరు ఐఐఎస్సీలో 3.3 పెటాఫ్లాప్స్ (సెకనుకు 3,300 లక్షల కోట్ల లెక్కలు) వేగపు పరమ్ ప్రవేగ ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్స్ (సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు) వేగపు పరమ్ సేవ ఉంది. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల అనుబంధ కాలేజీల్లో చదివే బీటెక్, ఎమ్మెస్సీ విద్యార్థుల్లో చాలామందికి ఇలాంటి యంత్రంలో లాగిన్ అయ్యే దారే లేదు.

అడ్డంకులు చిన్నవే. ఖాతా కావాలంటే సాధారణంగా నిధులున్న పరిశోధన ప్రాజెక్టు, దాన్ని నడిపే అధ్యాపకుడి సంతకం అడుగుతారు. చిన్న కాలేజీల్లో ఆ రెండూ దొరకవు. అవి దొరికినా, చాలా కేంద్రాలు ముందే నమోదైన ఐపీ చిరునామాలనే లోపలికి రానిస్తాయి. హాస్టల్ ఇంటర్నెట్ చిరునామా తరచూ మారుతుంది. విద్యార్థులకు వీపీఎన్ (ఎక్కడి నుంచైనా కేంద్రం నెట్‌వర్క్‌లోకి సురక్షితంగా చేర్చే దారి) ఇస్తే ఈ చిక్కు తీరిపోతుంది.

ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవచ్చు కదా అంటారు. కోడ్ రాయడం వరకూ నేర్చుకోవచ్చు. అసలు పాఠాలు మాత్రం పెద్ద యంత్రం మీదే బయటపడతాయి. 40 నిమిషాల్లో ముగిసే పనికి విద్యార్థులు 72 గంటలు అడుగుతారు. పెద్ద పనుల కోసం నోడ్లు (యంత్రంలోని ఒక్కో కంప్యూటర్) ఖాళీ అయ్యేదాకా మధ్యలో మిగిలే సందుల్లోకి, పనులను క్యూలో నడిపే స్లర్మ్ సాఫ్ట్‌వేర్ చిన్న పనులను దూరుస్తుంది. 72 గంటల పని ఆ సందులో పట్టదు, క్యూలోనే ఉండిపోతుంది. 48 కోర్ల (లెక్కలు చేసే ప్రాసెసర్ భాగాలు) నోడ్ మీద, ఒకదానితో ఒకటి సందేశాలు పంపుకునే 48 ఎంపీఐ ప్రాసెస్‌లు మొదలుపెడతారు. ఒక్కో ప్రాసెస్‌లో పైథాన్‌లో వాడే నంపై గణిత లైబ్రరీ మళ్లీ 48 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని పాయలు) తెరిస్తే 2,304 థ్రెడ్లు 48 కోర్ల కోసం కొట్టుకుంటాయి, ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది. థ్రెడ్ల సంఖ్య ఒకటికి పరిమితం చేస్తూ స్క్రిప్టులో ఒక్క లైను చేర్చాలని అక్కడే తెలుస్తుంది. లక్షల చిన్న ఫైళ్లను లస్టర్ అనే ఉమ్మడి ఫైల్ నిల్వలో తెరిస్తే, ఫైళ్ల వివరాలు చూసే మెటాడేటా సర్వర్ మీద భారం పడి అందరి పనీ మందగిస్తుంది. ప్రోగ్రామ్‌లో 5 శాతం వరసగానే నడవాల్సి వస్తే ఎన్ని వేల కోర్లిచ్చినా వేగం 20 రెట్లు దాటదన్న ఆమ్‌డాల్ సూత్రం కూడా, కోర్లు పెరిగేకొద్దీ వేగం ఎంత పెరిగిందో చూపే స్కేలింగ్ గ్రాఫ్ తానే గీసినప్పుడే విద్యార్థికి ఒంటబడుతుంది.

ఈ తప్పులు చేయనివ్వాలి, అయితే పరిశోధకుల పనికి తగలని చోట. అందుకే ఒక్కో కేంద్రంలో నాలుగు నోడ్లతో విద్యార్థి పార్టిషన్ (విడిగా ఉంచిన భాగం) ఒకటి కేటాయించమని కోరుతున్నాం. 48 కోర్ల నోడ్లు నాలుగంటే నెలకు 1,38,240 కోర్ గంటలు (ఒక కోర్ గంట నడిస్తే ఒక కోర్ గంట). అందులో 70 శాతమే వాడుకలోకి వచ్చినా, తలా 500 కోర్ గంటల చొప్పున దాదాపు 190 మందికి సరిపోతాయి. ఒక పనికి గరిష్ఠంగా రెండు గంటలు, రెండు నోడ్లు. ఒకరికి ఒకసారి ఒకే పని. రెండు నోడ్ల కంటే తగ్గించవద్దు, నోడ్ల మధ్య సమాచారం ఎలా పారుతుందో ఒక్క నోడ్ మీద కనిపించదు.

దరఖాస్తు ఒక్క పేజీ చాలు. అమెరికాలో పరిశోధకులకు సూపర్‌కంప్యూటర్ సమయమిచ్చే యాక్సెస్ కార్యక్రమం కింద పీజీ, పీహెచ్‌డీ విద్యార్థి సైతం గైడ్ లేఖతో సొంత పేరు మీద 4,00,000 క్రెడిట్ల (యంత్ర వాడకపు కొలత) ఎక్స్‌ప్లోర్ కేటాయింపు అడగవచ్చు.

కేంద్రాల్లో వేతనంతో కూడిన విద్యార్థి సహాయకుల కొలువులు కూడా పెట్టండి. వారానికి పది గంటలు: సాఫ్ట్‌వేర్ మాడ్యూళ్లు కట్టడం, విఫలమైన పనుల లాగ్‌లు చదివి యూజర్లకు జవాబివ్వడం, నమూనా స్క్రిప్టులు రాయడం. వీటికి రూట్ అధికారం (యంత్రం మీద పూర్తి అదుపు) అక్కర్లేదు. క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల సముదాయం) నడపగల ఇంజినీర్లు తయారయ్యేది ఇలాంటి పనిలోనే, అలాంటివాళ్ల కొరత యంత్రాల కొరత కంటే పెద్దది. 2007 నుంచి అమెరికాలో సూపర్‌కంప్యూటింగ్ మీద జరిగే ఎస్‌సీ సదస్సులో ఆరుగురు విద్యార్థుల జట్లు విద్యుత్ పరిమితికి లోబడి 48 గంటలపాటు తమ క్లస్టర్‌ను నడిపి పోటీ పడుతున్నాయి. ఆ స్థాయి సాధనకు మన జట్లకూ యంత్రం కావాలి.

ఒక్క మనవి, తేదీల గురించి. ఏప్రిల్‌లో దరఖాస్తులు తీసుకుంటే జూలై మొదటి వారానికి ఖాతాలు సిద్ధం చేయవచ్చు. డిసెంబరులో చేతికొచ్చే ఖాతా ఏడో సెమిస్టరు ప్రాజెక్టుకు పనికిరాదు.

ఇట్లు,
సమాంతర గణన బోధించే, క్లస్టర్లు నడిపే కొందరు